నాడులు తెగినా అందిన కబురు

ముద్ద నోట పడింది మొదలు అది జీర్ణమయ్యేదాకా శరీరంలో జరగవలసిన పనులన్నీ వరుస తప్పకుండా జరుగుతవి. నోట్లో లాలాజలం ఊరుతుంది. ఆహారం కడుపులోకి దిగేసరికి జఠరరసం సిద్ధంగా ఉంటుంది. జఠరంలో ఆమ్లంతో కలిసి పలుచనైన ఆహారం, చిన్న ప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి జారిన కొద్ది నిమిషాలకే, జఠరం వెనుక అడ్డంగా ఉన్న క్లోమమనే గ్రంథి తన రసాన్ని ఒక సన్నని నాళం గుండా అక్కడికి పంపుతుంది. క్లోమరసం క్షారగుణం కలది. అది వచ్చి ఆమ్లాన్ని విరిచివేయకపోతే ప్రేగు గోడ పుండుపడుతుంది. ఆహారం కూడా సరిగా జీర్ణం కాదు. ఆమ్లం ప్రేగులోకి వచ్చిన సంగతి క్లోమానికి ఎలా తెలిసింది? చూడడానికి ఇది చిన్న ప్రశ్న. పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ ప్రశ్నకు జవాబు తెలియదనుకొన్న శరీరధర్మ శాస్త్రజ్ఞులు చాలా అరుదు. నాడులే తెలుపుతున్నవని వారి నమ్మకం.

ఆ నమ్మకానికి బలమైన ఆధారాలే ఉండేవి. వేడి పెనం తగిలితే చేయి ఆలోచించకుండానే వెనక్కు వస్తుంది. చింతకాయను తలచుకొంటే చాలు, నోరు ఊరుతుంది. నాడి తెగిన కండరం చచ్చుబడుతుంది. ఆ తెగిన కొనను విద్యుత్తుతో తాకితే అదే కండరం మళ్లీ ముడుచుకొంటుంది. ఒకచోట కలిగిన తాకిడి ఒక నాడి వెంట వెన్నుపాముకో మెదడుకో చేరి, అక్కడినుంచి ఇంకొక నాడి వెంట ఆజ్ఞగా తిరిగి రావడాన్ని ప్రతీకార చర్య అంటారు. సెంట్ పీటర్స్‌బర్గులో ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియనంతటినీ ఈ దృష్టితోనే పరిశీలించాడు. కుక్కలకు నేర్పుగా శస్త్రచికిత్స చేసి, జీర్ణరసాలు బయటికి కారే ఏర్పాటు చేసి, ఎప్పుడు ఏ రసం ఎంత ఊరుతున్నదో ఏండ్ల తరబడి కొలిచాడు. వేగస్ అనే నాడిని విద్యుత్తుతో రేపితే క్లోమరసం కారుతుందని కూడా ఆయనే చూపాడు. 1904లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది ఈ కృషికే. చాలామంది అనుకొన్నట్లు గంట మోగితే కుక్క నోరు ఊరిన ప్రయోగాలకు కాదు. ఆంత్రమూలంలో ఆమ్లం పోస్తే క్లోమరసం ఊరుతుందని కనిపెట్టింది కూడా పావ్లోవ్ ప్రయోగశాలలోనే. అది కూడా నాడుల పనే అని వారు భావించారు.

అయితే నాడుల లెక్కలో ఇమడని సంగతి ఒకటి రైతులకు వేల ఏండ్లనుంచి తెలుసు. విత్తు కొట్టిన కోడెదూడ ఎద్దవుతుంది, ఆబోతు కాదు. మూపురం ఆబోతుకు పెరిగినంతగా పెరగదు. పొగరు అణగి కాడికి లొంగుతుంది. వృషణాలు ఉన్నది ఒకచోట, మార్పు కనిపించేది మెడలోనూ కొమ్ములోనూ స్వభావంలోనూ. జర్మనీలోని గ్యోటింగెన్ నగరంలో బెర్తోల్డ్ అనే ఆచార్యుడు ఈ పాత సంగతినే తీసుకొని 1849లో ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. ఆరు కోడిపుంజు పిల్లలతో చేసిన ప్రయోగమది. వృషణాలు పూర్తిగా తీసివేసిన పుంజులకు తురాయి పెరగలేదు, కూత రాలేదు, పోట్లాటపై మనసు పోలేదు. కొన్నిటిలో మటుకు తీసిన వృషణాన్ని కడుపులో ప్రేగుల నడుమ నాటాడు. అవి మామూలు పుంజులవలెనే తురాయి పెంచి, కూసి, కొట్లాడినవి. తర్వాత కోసి చూడగా నాటిన వృషణం ప్రేగుకు అతుక్కొని, కొత్త రక్తనాళాలతో నిండి ఉన్నది. దానికున్న పాత నాడులు మాత్రం ఎప్పుడో తెగిపోయినవి. కాబట్టి వృషణం ప్రభావం రక్తం ద్వారానే శరీరమంతటికీ చేరుతున్నదని బెర్తోల్డ్ తేల్చాడు. ఇంత స్పష్టమైన ప్రయోగాన్ని యాభై ఏండ్లకు పైగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఆయన కూడా దానిని పట్టుకొని ముందుకు పోలేదు.

నడుమ మరికొన్ని సూచనలు వచ్చినవి. 1889లో బ్రౌన్-సెకార్ అనే పేరుగల శాస్త్రజ్ఞుడు తన డెబ్బైరెండవ ఏట జంతువుల వృషణాల సారాన్ని తనకే సూదితో ఎక్కించుకొని, యౌవనం తిరిగి వచ్చిందని పారిస్‌లో ప్రకటించాడు. అది మనసు చేసిన మాయ. నీటితో తీసిన ఆ సారంలో పనిచేసే పదార్థం ఉండడానికి వీలే లేదు. ఆ ప్రకటనతో ఈ శాస్త్రానికి కొంతకాలం నవ్వులపాటు తప్పలేదు. కాని రెండేండ్లకే, 1891లో, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జి మర్రే అనే యువవైద్యుడు గొర్రెల అవటుగ్రంథి సారంతో నిజమైన చికిత్స చేసి చూపాడు. అవటుగ్రంథి క్షీణించి, ఒళ్లు ఉబ్బి, మాట మందగించి, మతి మొద్దుబారిన 46 ఏండ్ల స్త్రీ ఆ మందుతో కోలుకొని మరి 28 ఏండ్లు బ్రతికింది. 1894 నాటికి లండన్‌లో ఆలివర్, షేఫర్ అనే ఇద్దరు అధివృక్క గ్రంథి సారం రక్తపు పోటును ఒక్కసారిగా పెంచుతుందని చూపారు. ఆ సారంలోని పదార్థాన్ని 1901లో జపాను దేశస్థుడు జోకిచి తకమినే స్ఫటికాలుగా తీసి అడ్రినలిన్ అని పేరుపెట్టాడు.

ఇన్ని తెలిసినా అసలు ప్రశ్న మిగిలే ఉన్నది. కొన్ని గ్రంథులు రక్తంలోకి ఏవో పదార్థాలు వదులుతవనీ, అవి లోపిస్తే రోగం వస్తుందనీ ఒప్పుకొన్నారు. ఒక అవయవం అవసరం వచ్చిన క్షణంలో మరొక అవయవానికి రక్తం ద్వారా కబురు పంపి పని చేయించగలదని మాత్రం ఎవరూ చూపలేదు. గడియగడియకూ జరిగే అటువంటి పాలన నాడులదే అన్న అభిప్రాయం చెక్కుచెదరలేదు.

క్లోమం విషయంలో ఆ అభిప్రాయానికి పగులు కనిపించింది 1900 ప్రాంతంలో. రష్యాలో పోపియెల్‌స్కీ, ఫ్రాన్సులో వెర్థైమర్, లెపాజ్ అనేవారు కుక్కలలో క్లోమానికి పోయే పెద్ద నాడులన్నీ కోశారు. వెన్నుపామును కూడా పాడుచేశారు. అయినా ప్రేగులో ఆమ్లం పోయగానే క్లోమరసం కారింది. ఇక్కడ వారు నాడులను వదలి ఆలోచించవలసినది. అలా చేయక, క్లోమంలోనే, దాని చుట్టుపట్లనే, చిన్న నాడీకేంద్రాలు ఉండి ఆ పని చేస్తూ ఉండాలని ఊహించారు. ఆమ్లమే రక్తంలో కలిసి క్లోమాన్ని చేరుతున్నదేమో అని కూడా ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పరీక్షించారు. రక్తంలోకి ఆమ్లాన్ని నేరుగా ఎక్కిస్తే క్లోమంలో చలనం లేదు. దానితో రక్తమార్గాన్ని త్రోసిపుచ్చారు. ఆమ్లం తాను పోకుండా, ప్రేగులో మరొక పదార్థాన్ని పుట్టించి దానిని పంపవచ్చుననే తలంపు వారికి తట్టలేదు. గుమ్మందాకా వచ్చి తలుపు తట్టకుండా వెనుదిరిగినట్లయింది.

ఆ తలుపు తట్టినవారు లండన్ యూనివర్సిటీ కాలేజీలోని విలియం బేలిస్, ఎర్నెస్టు స్టార్లింగ్. స్టార్లింగ్ తోబుట్టువు గెర్‌ట్రూడ్‌ను బేలిస్ 1893లో పెండ్లాడాడు గనుక వీరు బావా బావమరుదులు. స్వభావంలో మాత్రం ఇద్దరికీ పోలిక లేదు. బేలిస్ కలవారి బిడ్డ, నిదానస్తుడు, ఓపికతో తర్కించేవాడు. స్టార్లింగ్ సామాన్య కుటుంబంలో పుట్టినవాడు, తొందర మనిషి, మనసులో మాట దాచనివాడు. ప్రేగుల కదలికలపై ఇద్దరూ కలిసి అప్పటికే ముఖ్యమైన పని చేసి ఉన్నారు.

1902 జనవరి 16వ తేదీన వారు ఒక కుక్కకు మత్తుమందు ఇచ్చి, క్లోమనాళంలో సన్నని గొట్టం అమర్చి, కారే చుక్కలను లెక్కించే ఏర్పాటు చేశారు. ముందు ఆంత్రమూలంలో 0.4 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోశారు. సుమారు రెండు నిమిషాలకు రసం చుక్కలుగా పడనారంభించింది. ఇది అందరికీ తెలిసిందే. తర్వాత ఆంత్రమూలానికి దిగువనున్న జెజునం అనే భాగంలో ఒక ముక్కను రెండు కొసలా కట్టివేసి, దానికి వచ్చే నాడులన్నిటినీ జాగ్రత్తగా వేరుచేసి కోసివేశారు. ఆ ప్రేగుముక్కకు తక్కిన శరీరంతో సంబంధం ఒక ధమని, ఒక సిర మాత్రమే. రక్తం పోతుంది, రక్తం వస్తుంది, మరేదీ రాదు, పోదు. అందులో ఆమ్లం పోశారు. మునుపటివలెనే క్లోమం చుక్కలు రాల్చింది.

ఆనాడు ఆ గదిలో ఉన్న చార్లెస్ మార్టిన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ తర్వాత జరిగినదానిని ఏండ్ల తరువాత గుర్తు చేసుకొన్నాడు. అయితే ఇది రసాయనిక ప్రతీకార చర్యే అయి ఉండాలని స్టార్లింగ్ అక్కడికక్కడే అన్నాడట. ఆలస్యం చేయకుండా ప్రేగుముక్క లోపలి పొరను గీకి తీసి, ఇసుకతోనూ ఆమ్లంతోనూ కలిపి నూరి, దూదిగుండా వడగట్టి, ఆ నీటిని కుక్క మెడలోని సిరలోకి ఎక్కించారు. ముందు రక్తపు పోటు పడిపోయింది. సుమారు 70 సెకండ్లు గడిచేసరికి క్లోమరసం, మొదట ఆమ్లం పోసినప్పటి కంటె రెట్టింపుకు మించిన వేగంతో కారసాగింది. ఒక మధ్యాహ్నపు పనితో శరీరధర్మ శాస్త్రంలో కొత్త అధ్యాయం మొదలయింది.

ఈ ప్రయోగంలో గొప్పతనం సాహసంలోనే కాదు, తర్వాత వారు వేసుకొన్న అనుమానాలలో కూడా ఉన్నది. ఒట్టి ఆమ్లం ఎక్కిస్తే రసం రాలేదు. చిన్న ప్రేగు చివరి భాగం నుంచి తీసిన సారంలో ఆ శక్తి లేదు. కనుక ప్రేగు ఏ భాగమైనా ఒకటే అనడానికి వీలులేదు. సారాన్ని మరిగించినా దాని శక్తి చెడలేదు. రక్తపు పోటును తగ్గించే పదార్థం వేరు, క్లోమాన్ని కదిలించేది వేరు అని విడదీసి చూపారు. ఒక జాతి జంతువు నుంచి తీసినది మరొక జాతి జంతువులోనూ పనిచేసింది. ఈ పదార్థానికి వారు సెక్రిటిన్ అని పేరుపెట్టారు.

పావ్లోవ్ ప్రయోగశాలకు ఇది రుచించే వార్త కాదు. అక్కడ ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు. సెక్రిటిన్ ఎక్కించగానే రసం కారింది. పావ్లోవ్ మారుమాట లేకుండా తన గదిలోకి పోయి, అరగంట తర్వాత వచ్చి, వారు చెప్పినదే నిజమనీ, సత్యాన్ని కనిపెట్టే హక్కు తమకొక్కరికే రాసి ఇవ్వలేదు గదా అనీ అన్నాడని ఆయన శిష్యుడు బాబ్‌కిన్ తెలిపాడు. జీవితకాలం పెంచుకొన్న సిద్ధాంతం కండ్లముందు వంగిపోతుంటే అరగంటలో ఒప్పుకొన్న మనిషి గొప్పవాడే. అయితే పావ్లోవ్ పూర్తిగా పొరబడ్డాడనడం కూడా తప్పు. వేగస్ నాడి క్లోమాన్ని రేపుతుందని ఆయన చూపినది నేటికీ నిజమే. ఆ పని నాడి కూడా చేస్తుంది, రక్తమూ చేస్తుంది.

1905 జూన్ నెలలో స్టార్లింగ్ లండన్ వైద్యుల రాజకళాశాలలో నాలుగు ఉపన్యాసాలిచ్చాడు. రక్తంలో తిరుగుతూ ఒక అవయవపు అవసరాన్ని మరొక అవయవానికి తెలిపే ఇటువంటి పదార్థాలు శరీరంలో చాలా ఉండాలనీ, సెక్రిటిన్ వాటిలో ఒకటి మాత్రమేననీ అన్నాడు. వాటన్నిటికీ కలిపి హార్మోను అనే మాట అప్పుడే మొదటిసారి వాడాడు. ప్రేరేపించడం, రెచ్చగొట్టడం అని అర్థమిచ్చే గ్రీకు ధాతువునుంచి వచ్చిన మాట అది. తీరా చూస్తే కొన్ని హార్మోనులు రెచ్చగొట్టవు, అణచివేస్తవి. పేరు మాత్రం అలాగే స్థిరపడింది. తెలుగులో వీటిని తయారుచేసే అవయవాలను వినాళ గ్రంథులంటారు. నాళం లేకుండా నేరుగా రక్తంలోకి వదిలేవి అని అర్థం. క్లోమానికి ఆ పేరు సగమే వర్తిస్తుంది. జీర్ణరసాన్ని అది నాళంలోకి వదులుతుంది. అందులోనే దీవులవలె చెదరి ఉన్న కణసమూహాలు ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతవి. ఇక సెక్రిటిన్ సంగతి మరీ వింత. దానికి ప్రత్యేకమైన గ్రంథి అంటూ లేదు. ప్రేగు లోపలి పొరలో అక్కడక్కడ ఉన్న కొన్ని కణాలే దానిని తయారుచేస్తవి.

ఈ విజయానికి కుక్కలు చెల్లించిన మూల్యం అప్పుడే వీధికెక్కింది. 1902 డిసెంబరులో స్టార్లింగ్ క్లోమంపై ప్రయోగం చేసిన ఒక గోధుమరంగు కుక్కను 1903 ఫిబ్రవరిలో బేలిస్ విద్యార్థుల ఎదుట మరొక ప్రదర్శనకు వాడాడు. మత్తు సరిగా ఇవ్వలేదని, అది చట్టవిరుద్ధమని, చూడవచ్చిన ఇద్దరు స్వీడన్ స్త్రీల మాట ఆధారంగా జంతుహింసా నిరోధకుల నాయకుడు స్టీఫెన్ కోల్‌రిడ్జ్ బహిరంగంగా ఆరోపించాడు. బేలిస్ పరువునష్టం దావా వేసి నెగ్గాడు. చేతికి వచ్చిన 2000 పౌనులనూ కాలేజీ పరిశోధనలకు ఇచ్చివేశాడు. కథ అంతటితో ఆగలేదు. 1906లో బాటర్సీ అనే పేటలో ఆ కుక్కకు విగ్రహం పెట్టారు. 1907లో వైద్యవిద్యార్థులు దానిని పడగొట్టాలని వీధుల్లో అల్లరి చేశారు. 1910లో ఒక రాత్రి నగరపాలకులే దానిని తొలగించారు. 1985లో అక్కడ మరొక విగ్రహం వెలిసింది. న్యాయస్థానం బేలిస్‌ను నిర్దోషి అన్నది. కుక్కపై మళ్లీ మళ్లీ కత్తి పెట్టవచ్చునా అన్న ప్రశ్న న్యాయస్థానం తీర్చేది కాదు. జంతువులపై ప్రయోగాలకు నేడు దేశదేశాలలో ఉన్న కట్టుబాట్ల వెనుక ఇటువంటి తగవులు చాలా ఉన్నవి.

హార్మోను అనే భావం ఊహగా మిగిలిపోక మనిషి ప్రాణం నిలబెట్టింది కెనడాలోని టొరాంటో నగరంలో. క్లోమం తీసివేసిన కుక్కకు మధుమేహం వస్తుందని 1889లోనే మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ చూపారు. క్లోమపు సారంతో దానిని నయం చేయబోయినవారు చాలామంది విఫలులయ్యారు. 1921 వేసవిలో బాంటింగ్, బెస్టు అనే యువకులు మాక్లియడ్ ప్రయోగశాలలో ఆ ప్రయత్నం మళ్లీ మొదలుపెట్టారు. బుఖారెస్టులో పౌలెస్కు కూడా అదే ఏడు క్లోమపు సారం రక్తంలోని చక్కెరను తగ్గిస్తుందని ప్రకటించాడు. బహుమానం పంచుకొన్నవారిలో ఆయన పేరు లేకపోవడం న్యాయంగా కనిపించదు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏండ్ల బాలునికి టొరాంటో ఆసుపత్రిలో ఆ సారాన్ని ఎక్కించారు. ఫలితం అంతంతమాత్రం, పైగా సూది గుచ్చినచోట గడ్డ లేచింది. రసాయన శాస్త్రజ్ఞుడు కాలిప్ రాత్రింబవళ్లు శ్రమించి దానిని శుద్ధిచేశాడు. జనవరి 23న మళ్లీ మొదలుపెట్టగా బాలుని రక్తంలోని చక్కెర దిగింది. అంతకు ముందు ఆ జబ్బు వచ్చిన పిల్లలకు ఆకలితో మాడ్చే పథ్యం తప్ప వేరే దారి లేదు. ఆ పథ్యం కూడా చావును కొంత వెనక్కు నెట్టేదే గాని తప్పించేది కాదు. లియొనార్డ్ మరి 13 ఏండ్లు బ్రతికాడు. 1923 నోబెల్ బహుమానం బాంటింగ్‌కూ మాక్లియడ్‌కూ వచ్చింది. హార్మోను అనే మాటకు పునాది వేసిన బేలిస్, స్టార్లింగ్‌లకు మాత్రం ఆ బహుమానం ఎన్నడూ రాలేదు.

ఇదంతా ఇలా ఉండగా, స్టార్లింగ్ ఊహలోనే ఒక చిక్కు దాగి ఉన్నది. నాడి ఒక తీగవంటిది. ఏ కండరానికి పోవాలో ఆ కండరానికే పోతుంది. రక్తం అలా కాదు. రక్తంలో కలిసిన పదార్థం కాలి బొటనవ్రేలికీ మెదడుకూ గుండెకూ ఒకేలా చేరుతుంది. సెక్రిటిన్ అందరికీ అందితే క్లోమమే ఎందుకు కదలాలి? దండోరా వేసేవాడు ఏ ఇంటి తలుపూ తట్టడు. వీధివెంట డప్పు కొట్టుకొంటూ పోతాడు. రేపు కాలువకు నీరు వదులుతారని చాటితే, ఆయకట్టులో పొలం ఉన్న రైతు పార అందుకొంటాడు. మగ్గం ముందు కూర్చున్న నేతగాడు తన పని తాను చేసుకొంటూ పోతాడు. మాట ఇద్దరి చెవినా పడింది. కదలిక రైతులోనే ఉన్నది. హార్మోనుల విషయంలో ఆ తేడా ఎక్కడున్నదో తెలియడానికి అర్ధశతాబ్దికి పైగా పట్టింది.

మొదటి జాడ దొరికింది అమెరికాలో, క్లీవ్‌లండ్ నగరంలో. మనిషి భయపడినప్పుడు అడ్రినలిన్ రక్తంలో పెరుగుతుంది. దాని ప్రేరణతో కాలేయం తనలో దాచిన గ్లైకోజన్‌ను విరిచి చక్కెరగా వదులుతుంది. పరుగెత్తడానికో పోరాడడానికో కండరాలకు ఆ చక్కెర అక్కరకు వస్తుంది. ఎర్ల్ సదర్లాండ్, ఆయన సహచరుడు రాల్ కాలేయ కణాలను చిదిమి, ఆ పిండిలో అడ్రినలిన్ కలిపి చూశారు. చక్కెర విడిపించే ఎన్‌జైము చురుకయింది. కణాలు పగిలిన తర్వాత కూడా హార్మోను పనిచేయడమే ఆశ్చర్యం. తర్వాత ఆ పిండిని యంత్రంలో గిరగిర త్రిప్పి, కణత్వచాల ముక్కలతో కూడిన మడ్డిని ఒకవైపు, తేట ద్రవాన్ని ఇంకొకవైపు విడదీశారు. తేటలో అడ్రినలిన్ కలిపితే ఏమీ జరగలేదు. మడ్డిలో అడ్రినలిన్ కలిపి, మరిగించి, వడగట్టిన నీటిని తేటలో కలిపితే ఎన్‌జైము మళ్లీ చురుకయింది. 1902లో బేలిస్, స్టార్లింగ్ మరిగించినా చెడని సారంతో ఒక కొత్త పదార్థాన్ని పట్టుకొన్నారు. 1957లో సదర్లాండ్ బృందం కూడా అటువంటి మరిగించిన నీటిలోనే మరొకదానిని పట్టుకొన్నది.

దాని పేరు చక్రీయ ఏ.ఎం.పి. అడ్రినలిన్ కాలేయ కణంలోకి అడుగే పెట్టదు. కణత్వచం మీద ఉన్న గ్రాహకమనే ప్రోటీనును తాకి అక్కడే ఆగుతుంది. ఆ తాకిడికి త్వచం లోపలి వైపున ఒక ఎన్‌జైము మేలుకొని, కణంలోని ఏ.టి.పి.ని చక్రీయ ఏ.ఎం.పి.గా మారుస్తుంది. ఒక్క హార్మోను అణువు తాకితే ఇటువంటివి ఎన్నో పుడతవి. ఒక్కొక్కటి మరికొన్ని ఎన్‌జైములను కదిలిస్తుంది. గొంతు పెంచుకొంటూ పోయినట్లు చివరికి కోట్లకొలది చక్కెర అణువులు విడుదలవుతవి. లీటరు రక్తద్రవంలో ఒక గ్రాములో పది లక్షల వంతుకు కూడా తూగని హార్మోను ఇంత పని చేయించే కిటుకు ఇదే. హార్మోను తొలి దూత కాగా, చక్రీయ ఏ.ఎం.పి.ని రెండవ దూత అన్నారు. వేరువేరు హార్మోనులు అదే దూతను వాడుకొంటవన్న మాట మొదట చాలామందికి నమ్మశక్యం కాలేదు. 1971లో సదర్లాండ్‌కు నోబెల్ బహుమానం వచ్చింది. ఆ దూతకు ముడిసరుకైన ఏ.టి.పి. 1929లో బయటపడిన పదార్థం. జర్మనీలో లోమన్ దానిని కనిపెట్టిన ఏటనే, అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలలో ఫిస్కేతో కలిసి పనిచేస్తూ స్వతంత్రంగా కనిపెట్టినవాడు, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

అన్ని హార్మోనులూ గడప బయట ఆగవు. ఎస్ట్రోజన్, టెస్టాస్టెరోన్, కార్టిసోల్ వంటివి కొవ్వులో కరిగే స్వభావం కలవి. అవి కణత్వచాన్ని దాటి లోపలికి పోగలవు. 1950ల చివర చికాగోలో ఎల్‌వుడ్ జెన్సన్ రేడియోధార్మికమైన హైడ్రోజన్‌తో గుర్తుపెట్టిన ఎస్ట్రోజన్‌ను ఎలుకలకు ఎక్కించి చూశాడు. రక్తం నుంచీ కండరాల నుంచీ అది త్వరగా వెళ్లిపోయింది. గర్భాశయం మాత్రం దానిని పట్టుకొని చాలాసేపు వదలలేదు. అక్కడి కణాలలో దానిని పట్టే ప్రోటీను ఉన్నదన్నమాట. ఆ జంట కణకేంద్రంలోని జీన్లను తాకి, ఏ ప్రోటీను తయారుకావాలో నిర్ణయిస్తుంది. అందుకే అడ్రినలిన్ ప్రభావం క్షణాలలో కనిపిస్తే ఎస్ట్రోజన్ ప్రభావానికి గంటలు, రోజులు పడుతుంది. రొమ్ము కాన్సరు గడ్డలో ఈ గ్రాహకం ఉన్నదా లేదా అని పరీక్షించి మందు నిర్ణయించడం నేడు ఆసుపత్రులలో మామూలు విషయం. బెర్తోల్డ్ పుంజుల తురాయి పెరగడానికి కారణం కూడా ఈ జాతి హార్మోనే.

ఇక సెక్రిటిన్. అన్నిటికంటె ముందు పేరు పొందిన ఈ హార్మోను అన్నిటికంటె ఎక్కువగా సతాయించింది. స్టాక్‌హోంలో యోర్పెస్, మూట్ వేలకొలది పందుల ప్రేగులతో కుస్తీపట్టి దానిని శుద్ధరూపంలో తీసేసరికి 1961 వచ్చింది. అది 27 ఎమినో ఆమ్లాల గొలుసు. దానిని పట్టే గ్రాహకం జీన్‌ను 1991లో జపాను శాస్త్రజ్ఞులు వేరుచేశారు. ఆంత్రమూలంలో ఆమ్లత పెరిగి పి.హెచ్. సుమారు 4.5 కంటె దిగినప్పుడు ప్రేగు కణాలు సెక్రిటిన్‌ను వదులుతవి. అది క్లోమనాళాల కణాలపైని గ్రాహకాన్ని తాకుతుంది, చక్రీయ ఏ.ఎం.పి. పుడుతుంది, కణత్వచంలోని ఒక ద్వారం తెరచుకొని క్షారద్రవం కారుతుంది. ఆమ్లం విరిగి పి.హెచ్. పెరగగానే సెక్రిటిన్ రావడం ఆగుతుంది. వచ్చినది కొద్ది నిమిషాలలో రక్తంలో నశిస్తుంది. తాను చేయించిన పనే తనను ఆపుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిలో ఆ ద్వారమే చెడి ఉంటుంది. కబురు అందుతుంది, గ్రాహకం పట్టుకొంటుంది, రెండవ దూత పుడుతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. చిక్కబడిన రసంతో నాళాలు పూడి క్లోమం దెబ్బతింటుంది. ఆ ద్వారానికి సంబంధించిన జీన్ దొరికింది 1989లో.

నాడులకూ హార్మోనులకూ నడుమ గీసిన గీత కూడా క్రమంగా చెరిగిపోయింది. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్‌లోని నాడీకణాలు తామే హార్మోనులు తయారుచేసి, చిన్న రక్తనాళాల ద్వారా పీయూష గ్రంథికి పంపుతవని గియ్మాఁ, షాలీ లక్షలకొలది గొర్రెల, పందుల మెదళ్లతో శ్రమించి 1969 నాటికి నిరూపించారు. 1977 నోబెల్ బహుమానాన్ని వారితో పంచుకొన్న రోజలిన్ యాలో, బెర్సన్ అనే వైద్యునితో కలిసి, రక్తంలో అత్యల్పంగా ఉన్న హార్మోనును సైతం కొలిచే పద్ధతి కనిపెట్టింది. అప్పటికి బెర్సన్ మరణించాడు. లేకపోతే ఆయన కూడా పంచుకొనేవాడే. అంతకుముందు హార్మోను ఉన్నదని ఫలితాన్ని బట్టి ఊహించవలసి వచ్చేది. ఆ తర్వాత రక్తపు చుక్కలో ఎంత ఉన్నదో లెక్క చెప్పగలిగారు.

సెక్రిటిన్ దండోరా వినేది క్లోమం ఒక్కటే అనుకొన్నది కూడా పూర్తి నిజం కాదని తేలింది. మ్యూనిక్ నగరపు శాస్త్రజ్ఞులు 2018లో ఎలుకలపై చేసిన పరిశోధనలో, ఒంట్లో వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు కణాలపై కూడా సెక్రిటిన్ గ్రాహకం ఉన్నదని చూపారు. తిండి తిన్న తర్వాత సెక్రిటిన్ ఆ కొవ్వును వేడెక్కిస్తుంది. ఆ వేడి సూచన మెదడుకు చేరి, ఎలుక తిండి తగ్గిస్తుంది.